పెద్ద కాపలా కుక్కను తెచ్చుకోవాలా? వరంగల్, ఉత్తర తెలంగాణ ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల కొత్త కాలనీలు పెరిగినకొద్దీ గేట్ల మీద ‘కుక్క ఉన్నది, జాగ్రత్త’ అనే బోర్డులూ పెరిగాయి. పెద్ద కుక్కలతో చాలా ఏళ్లుగా బతుకుతున్నాను కాబట్టి తెలిసినవాళ్లు, వాళ్ల చుట్టాలు కుక్కపిల్లను కొనబోయే ముందు ఫోన్ చేస్తుంటారు. కొందరు కొన్నాక చేస్తారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కొన్నిచోట్ల ‘వద్దు’ అని గట్టిగానే చెప్పాను. ఆ మాట ముందే వింటే ఒక కుక్కకు పదేళ్లపాటు గొలుసుకు కట్టుబడి ఉండే గతి తప్పుతుంది.

మా ఇంటికి నిజంగా పెద్ద కాపలా కుక్క అవసరమా?

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు మొరిగే కుక్క కావాలా, మనిషిని ఆపగలిగే కుక్క కావాలా? నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది మొదటిదే. రాత్రి గేటు దగ్గర ఎవరైనా తచ్చాడితే ఇంట్లోవాళ్లకు మెలకువ రావాలి, వచ్చినవాడు వెనక్కి తిరగాలి. ఆ పని మన ఊరకుక్క చక్కగా చేస్తుంది. 15 నుంచి 20 కిలోల బరువు, పొట్టి వెంట్రుకలు, ఈ ఎండలకు తరతరాలుగా అలవాటుపడిన ఒళ్లు. చీమ చిటుక్కుమన్నా లేస్తుంది. గల్లీలో పుట్టిన పిల్లను రెండు నెలల వయసులో తెచ్చి, టీకాలు వేయించి, వేళకు తిండిపెట్టి పెంచుకుంటే ఇంటిని వదలదు.

మనిషిని ఆపగలిగే కుక్క సంగతి వేరు. 50 కిలోల రాట్‌వీలర్ దొంగ అనుకుని మీద పడిన మనిషి దొంగ కాకపోవచ్చు. సిలిండర్ తెచ్చిన అబ్బాయి కావచ్చు, కరెంటు మీటర్ చూడటానికి వచ్చిన ఆయన కావచ్చు, బంతి కోసం గోడ దూకిన పక్కింటి పిల్లవాడు కావచ్చు. ఆ తేడా దానికి నేర్పాల్సింది మీరే. రోజూ పొద్దున, సాయంత్రం దానితో గడపడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పలేకపోతే మంచి తాళం, వాకిట్లో లైటు, సీసీ కెమెరా, ఒక ఊరకుక్క చాలు.

ఏ జాతి మంచిది?

జాతి పేరుకన్నా ముందు బరువు చూడండి. జర్మన్ షెపర్డ్ మగది 30 నుంచి 40 కిలోలు, డాబర్‌మన్ మగది 40 నుంచి 45, రాట్‌వీలర్ మగది 50 దాటుతుంది. గ్రేట్ డేన్ భుజం ఎత్తే 80 సెంటీమీటర్లు. తాడు పట్టుకునే మనిషి కాళ్ల మీద నిలబడి ఆ బరువును ఆపగలగాలి. ఆపలేకపోతే అది మీకు మించిన కుక్కే.

మొదటిసారి పెంచేవాళ్లు తప్పనిసరిగా పెద్దదే కావాలంటే జర్మన్ షెపర్డ్ ఆడపిల్లను చూడమంటాను. నేర్పింది త్వరగా పట్టుకుంటుంది, మగదానికన్నా తేలిక. డాబర్‌మన్ మనిషిని అంటిపెట్టుకుని ఉండే కుక్క, పెరట్లో ఒంటరిగా వదిలితే కుమిలిపోతుంది. ఆ జాతిలో గుండెజబ్బు కూడా ఎక్కువ. రాట్‌వీలర్ ఒకప్పుడు జర్మనీలో రాట్‌వైల్ పట్టణం కసాయివాళ్ల దగ్గర పశువులను తోలిన కుక్క. పట్టుదల దాని రక్తంలోనే ఉంది. కుక్కలు పెంచిన అనుభవం ఉన్న ఇంట్లో ఎంతో ప్రేమగా ఉంటుంది, అనుభవం లేని ఇంట్లో రెండేళ్లకే పెత్తనం దానిదవుతుంది.

తమిళనాడు రాజపాళయం, కొంబై, కర్ణాటక ముధోల్ కూడా అడుగుతుంటారు. మన దేశపు వేడికి ఇవి మేలు. కానీ ముధోల్ వేటకుక్క, పరుగుకు పుట్టింది, చిన్న వాకిట్లో ఇమడదు. రాజపాళయం సాధారణంగా ఒక్క మనిషి మాటే వింటుంది. తెల్లగా పుట్టే ఈ జాతిలో చెవుడు కనిపిస్తుంది కాబట్టి పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూసి తీసుకోండి.

కాకేసియన్ షెపర్డ్, సెయింట్ బెర్నార్డ్, టిబెటన్ మాస్టిఫ్ వద్దు. ఎందుకో ఎండల ప్రశ్నలో చెప్తాను.

మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. వాళ్లు రాట్‌వీలర్ కొనిస్తామంటున్నారు. తీసుకోవాలా?

ఈ ప్రశ్న హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి చాలా వస్తుంది. పిల్లల ప్రేమను తప్పుపట్టను. దూరంలో ఉన్నవాళ్లకు అమ్మానాన్నల మీద బెంగ ఉంటుంది, డబ్బుతో తీర్చగలిగిన బెంగలా ఇది కనిపిస్తుంది. కానీ 65 ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పితో 50 కిలోల కుక్కను తాడుతో పట్టుకుని గల్లీలోకి వెళ్లడం నాకు భయంగా ఉంటుంది. ఎదురుగా ఇంకో కుక్క కనిపించి ఒక్కసారి లాగిందంటే మనిషి కింద పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. మిమ్మల్ని కాపాడటానికి తెచ్చిన కుక్క వల్లే ఆసుపత్రి పాలవుతారు.

ఇంకోటి కూడా ఆలోచించండి. పిల్లల పురుళ్లకో, వేసవికో మీరు అమెరికా వెళ్తే ఆర్నెల్లు ఉంటారు. అప్పుడు కుక్క ఎవరి దగ్గర? పక్కింటివాళ్లు ఊరకుక్కకు అన్నం పెడతారు కానీ రాట్‌వీలర్ ఉన్న గేటు తీయరు. అందుకే మీ ఇద్దరికీ నా సలహా: నాలుగైదేళ్ల వయసున్న, నెమ్మదస్తురాలైన ఆడ ఊరకుక్క. పెరిగిన కుక్క కాబట్టి గుణం ఏమిటో ముందే తెలుస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు ఈ జవాబు పంపండి.

మన ఎండలకు పెద్ద జాతులు తట్టుకుంటాయా?

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దాని చల్లదనం. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కితే వగర్చినా లాభం తక్కువ. కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం, 106కు చేరితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. మే నెలలో వరంగల్‌లో 43, 44 సెల్సియస్ మామూలే. రామగుండం, మంచిర్యాల, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు 45 దాటే రోజులూ ఉంటాయి. మంచుకొండల్లో పశువులను కాయడానికి పెంచిన దట్టమైన బొచ్చు కుక్కను ఈ వేడిలోకి తేవడం దానికి శిక్ష. ఏసీ గదిలో ఉంచుతామంటారు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారు? పైగా ఏసీ గదిలో పడుకున్న కుక్క గేటుకు కాపలా ఎలా కాస్తుంది?

జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ ఇక్కడ బతుకుతాయి, మీరు వేళలు మార్చుకుంటే. ఎండాకాలం నడక పొద్దున 6లోపు, రాత్రి 8 తర్వాత. బయలుదేరే ముందు అరచేతి వెనకవైపును రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించండి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఏ కుక్కనూ ఉంచొద్దు. చెట్టు నీడ, తడిపిన గోనెసంచి, వెడల్పాటి మట్టి తొట్టిలో నీళ్లు, లేదా ఇంట్లో ఫ్యాన్ కింద చోటు ఉండాలి. చల్లగా ఉంటుందని జర్మన్ షెపర్డ్‌కు గుండు కొట్టించకండి. ఆ రెండు పొరల బొచ్చు ఎండను కొంత అడ్డుకుంటుంది.

ఎక్కువగా వగర్చడం, జిగటగా చొంగ కారడం, చిగుళ్లు ఎర్రబడటం, తూలడం కనిపిస్తే వడదెబ్బ. వెంటనే నీడకు తీసుకెళ్లి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. ముందు చల్లబరచండి, దారిలో కూడా తడుపుతూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కోతుల బెడద భరించలేకపోతున్నాం. పెద్ద కుక్క ఉంటే రావు కదా?

కొన్నాళ్లు రావు. తర్వాత కుక్క అందుకోలేని ఎత్తు ఎంతో అవి కనిపెడతాయి. గోడ మీద, ట్యాంకు మీద, కొబ్బరిచెట్టు మీద కూర్చుని పళ్లు చూపిస్తాయి. కుక్క కింద గంటలకొద్దీ మొరిగి అలసిపోతుంది. గుంపు మీద ఒంటరి కుక్కను ఉసిగొల్పితే పెద్ద మగకోతి దాన్ని చీల్చేయగలదు, ఎంత పెద్ద జాతైనా సరే. కోతుల కోసమే అయితే కుక్కమీద పెట్టే డబ్బు కిటికీలకు, బాల్కనీకి ఇనుప జాలీ మీద పెట్టండి.

బాయికాడ కాపలాకు పెడదామనుకుంటున్నాం. మోటార్ వైర్లు కోసుకుపోతున్నారు, పందులు మక్కచేను తొక్కుతున్నాయి.

రైతు బాధ నాకు తెలుసు. కేబుల్ పోతే పంట ఎండుతుంది. కానీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి అన్నం వేసిపోయే చోట జాతికుక్కను ఒంటరిగా ఉంచొద్దు. రాత్రంతా మనిషి లేకుండా పెరిగిన రాట్‌వీలర్‌కు చుట్టంకూ దొంగకూ తేడా తెలియదు. పక్కచేను కూలీలు ఆ దారిన నడవలేరు. దొంగ మాంసంలో మందు కలిపి విసిరితే తెల్లారేసరికి కుక్కా ఉండదు, వైరూ ఉండదు. అడవిపంది కోరలకు ఎదురెళ్లిన కుక్క పొట్ట చీలి రావడం ములుగు, భూపాలపల్లి వైపు రైతులకు కొత్త కాదు.

బాయికాడ జీతగాడో, మీరో నిజంగా పడుకుంటుంటే రెండు ఊరకుక్కలు సరిపోతాయి. ఒకటి మొరిగితే రెండోది అందుకుంటుంది, మీరు టార్చి వేస్తారు. కాపలా కాసేది ఆ మనిషే, ఆయన్ను లేపడమే కుక్క పని.

పగలంతా కట్టేసి రాత్రి వదిలితే కోపంగా ఉండి బాగా కాపలా కాస్తుందంటారు. నిజమేనా?

కాదు. ఎన్నిసార్లయినా చెప్తాను, కాదు. కట్టేసిన కుక్క భయంతో కరుస్తుంది. పారిపోవడానికి దారి లేదు కాబట్టి దగ్గరికి వచ్చిన ప్రతిదాని మీదకూ దూకుతుంది. దాన్ని మనం పౌరుషం అనుకుంటాం. అలాంటి కుక్క గొలుసు తెగిన రోజు ఎదురుపడేది ఎక్కువగా ఇంట్లో మనిషో, గల్లీలో పిల్లవాడో. వెనక పెరట్లో కట్టేసి ఉంటే ముందు వాకిలి నుంచి వచ్చినవాడిని అదేం చేయగలదు?

చట్టం కూడా ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో చాలాసేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కకు సరైన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది. కారం కలిపిన అన్నం పెడితే, కల్లు తాగిస్తే రోషం వస్తుందని ఊళ్లలో అంటుంటారు. దానివల్ల వచ్చేది కడుపునొప్పి, కాలేయం జబ్బు. దయచేసి చేయకండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పర్వాలేదా?

పెద్ద మనిషి కళ్లముందు లేకుండా ఐదారేళ్లలోపు పిల్లలను ఏ పెద్ద కుక్కతోనూ వదలకండి, ఎంత మంచి కుక్కైనా. కరవకపోయినా తోక ఊపి తోసేస్తేనే పిల్లవాడు మెట్ల మీద పడతాడు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దని పిల్లలకు నేర్పండి. సెలవులకు చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. ఆ అరుపులు, ఉరుకులు కుక్కకు కొత్త. బతుకమ్మకు ఆడబిడ్డలు ఇంటినిండా వస్తే, వినాయక నిమజ్జనం డీజే గల్లీలోంచి పోతే, దీపావళి పటాకులు మోగితే దాన్ని లోపలి గదిలో ఉంచి తలుపు వేయండి.

నెలకు ఖర్చు ఎంత?

40 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,800 క్యాలరీలు కావాలి. డాగ్ ఫుడ్ అయితే అటూ ఇటూ అర కిలో, అంటే నెలకు 15 కిలోలు. కిలో 250 రూపాయలు అనుకున్నా నెలకు 3,750. మంచిరకం అయితే ఇంకా ఎక్కువ. ఇంట్లో వండితే చికెన్, గుడ్లు, అన్నం, కూరగాయలు కలిపి అంతకు పెద్దగా తగ్గదు. పెరుగన్నంతో జర్మన్ షెపర్డ్‌ను పెంచుతామనేవాళ్లుంటారు. బతుకుతుంది కానీ కండ పట్టదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ విషం. వండిన కోడి బొక్కలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి, పండక్కి మిగిలాయని వేయకండి.

దీని మీద ఏటా టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు, మంచి తాడు, పెద్ద పంజరం. మీరు ఊరెళ్తే చూసుకునే మనిషికి ఇచ్చేది వేరే. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోతే కుక్క దగ్గర ఎవరుంటారో కొనే ముందే తేల్చుకోండి.

రాట్‌వీలర్‌ను ప్రభుత్వం నిషేధించిందని విన్నాం.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో, కంగల్, కాకేసియన్ షెపర్డ్ అందులో ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఆ సర్క్యులర్‌ను కొట్టివేశాయి. మీ మున్సిపాలిటీలో పెంపుడు కుక్కకు లైసెన్స్ తీసుకోవాలా అన్నది కొనే ముందు ఆఫీసులో అడగండి.

మా కుక్క ఎవరినైనా కరిస్తే?

ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. మీ కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే, ఆ మనిషిని వెంటనే డాక్టర్‌కు చూపించండి. వరంగల్ ఎంజీఎం సహా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. కుక్కను 10 రోజులు కట్టుదిట్టంగా గమనించాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం కాబట్టి ‘రేపు చూద్దాం’ అనే మాటే వద్దు.

చట్టం ప్రకారం బాధ్యత మీదే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద జంతువు వల్ల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే గేటుకు లోపల ఇంకో చిన్న గేటు పెట్టించమంటాను. వీధి గేటు తెరిచినా కుక్క బయటికి రాదు, కొరియర్ అబ్బాయి లోపలికి రాకుండానే పార్సిల్ ఇస్తాడు. కాంపౌండ్ గోడ ఆరడుగులు లేకపోతే జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ దూకుతాయి.

అపార్ట్‌మెంట్‌లో?

కుక్కలను పెంచొద్దని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు, భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే ఆ మాట చెప్పింది. అయినా లిఫ్టులో రాట్‌వీలర్‌తో నిలబడితే పక్కవాళ్లకు కలిగే భయం నిజమైనదే. ఫ్లాట్‌కు కాపలా కుక్క అవసరం లేదు.

కుక్కపిల్లను ఎక్కడ, ఎలా తీసుకోవాలి?

తల్లిని చూడకుండా తీసుకోవద్దు. మిగతావన్నీ దీని తర్వాతే. తల్లి మీరు రాగానే మూలకు నక్కినా, పిచ్చిగా మీదికి వచ్చినా పిల్లల్లో ఆ గుణం వచ్చే అవకాశం ఎక్కువ. వాట్సాప్‌లో ఫొటో పంపి బస్టాండ్ దగ్గర డబ్బాలో పెట్టి ఇచ్చేవాళ్ల దగ్గర కొనకండి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఆ కాగితం అడగండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ వంశం చెప్తుంది, ఆరోగ్యానికీ గుణానికీ హామీ ఇవ్వదు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడేవాడి దగ్గర తీసుకోకండి.

జబ్బుల గురించి ముందే ఏం తెలుసుకోవాలి?

పార్వో అనే వైరస్ జబ్బు రక్త విరేచనాలతో కుక్కపిల్లలను రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. 6 నుంచి 8 వారాల మధ్య టీకా మొదలుపెట్టి 16 వారాల వరకు డాక్టర్ చెప్పినట్టు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత ఏటా.

పిడుదుల జ్వరం మన దగ్గర చాలా ఎక్కువ. కుక్క తిండి మానేసి, మందకొడిగా ఉండి, ముక్కు నుంచి రక్తం వస్తే ఆలస్యం చేయొద్దు, రక్తపరీక్ష చేయిస్తే మందులున్నాయి.

పెద్ద జాతుల యజమానులు తప్పక తెలుసుకోవాల్సింది కడుపు మెలిపడటం. లోతైన ఛాతీ ఉన్న గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్‌లకు కడుపు గాలితో ఉబ్బి తిరగబడుతుంది. పొట్ట డప్పులా బిగుస్తుంది, వాంతికి ప్రయత్నిస్తుంది కానీ ఏమీ రాదు. ఆపరేషన్ తప్ప దారి లేదు, గంటల్లో ప్రాణం పోతుంది. రోజు తిండిని రెండు పూటలుగా పెట్టండి, తిన్నాక గంటన్నరపాటు ఉరికించకండి. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట పెద్ద కుక్కకు ఆపరేషన్ చేయగలిగేది ఎక్కడో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి.

ఎముకలు గట్టిపడాలని పిల్లకు కాల్షియం టానిక్ సీసాలకొద్దీ పోస్తుంటారు. పెద్ద జాతి పిల్లలకు అది మేలు చేయదు, ఎముకలు వంకర పోతాయి. పెద్ద జాతుల పిల్లలకోసం చేసిన తిండిలోనే సరిపడా ఉంటుంది. నున్నటి టైల్స్ మీద ఉరకనివ్వకండి, తుంటికి చెడ్డది.

ట్రైనింగ్ ఇప్పించాలా? కరవడం నేర్పుతామనే ట్రైనర్లున్నారు.

కరవడం నేర్పే ట్రైనర్‌ను గేటు లోపలికే రానివ్వకండి. పోలీసు కుక్కలకు రోజూ తోడుండే హ్యాండ్లర్ ఉంటాడు, మన ఇళ్లలో ఉండడు. మీ కుక్క నేర్చుకోవాల్సినవి నాలుగు మాటలు: రా, కూర్చో, వదులు, నీ చోటుకు పో. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి.

దీనికన్నా ముఖ్యం మూడు నుంచి 14 వారాల వయసు. ఆ రోజుల్లో చూసినవన్నీ దానికి మామూలు సంగతులవుతాయి. గొడుగు, హెల్మెట్, ఆటో, బుర్ఖా, కర్ర పట్టుకున్న తాత, యూనిఫాం, చంటిపిల్ల ఏడుపు అన్నీ చూపించండి. టీకాలు పూర్తికాలేదు కాబట్టి నేల మీద వదలకుండా ఎత్తుకుని తిప్పండి. ఎనిమిది నెలల రాట్‌వీలర్ ఎవరు వచ్చినా నాకుతుందని బెంగపడి అప్పుడే రెచ్చగొడతారు. దాని కాపలా బుద్ధి ఒకటిన్నర, రెండేళ్లకు తనంతట తానే బయటపడుతుంది. అప్పటికి అది మీ మాట వినేదిగా తయారై ఉండాలి.

ఇప్పటికే తెచ్చుకున్నాం, మాకు చేతకావట్లేదు. ఏం చేయాలి?

ముందు డాక్టర్‌కు చూపించండి. ఉన్నట్టుండి గుర్రుమనే కుక్కకు చెవిపోటో, తుంటినొప్పో ఉండొచ్చు. తర్వాత నెలరోజులు నడక పెంచి, గొలుసు తీసి, ఇంట్లో ఒకే మనిషి తిండి, నడక రెండూ చూసుకోండి. చాలా కుక్కలు మారతాయి. అయినా కుదరకపోతే కొన్నచోట మాట్లాడండి, మంచి పెంపకందారు వెనక్కి తీసుకుంటాడు. కొత్తవాళ్లకు ఇచ్చేటప్పుడు అది ఎవరినైనా కరిచి ఉంటే దాచకుండా చెప్పండి, వాళ్ల ఇల్లు వెళ్లి చూసి ఇవ్వండి. రాంపూర్ రోడ్డు పక్కనో, ఊరి చివరో వదిలేయడం మాత్రం వద్దు. ఇంట్లో పెరిగిన కుక్కకు గల్లీ కుక్కల మధ్య బతకడం తెలియదు. అలా వదిలేయడం కూడా జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం.